గాలిని తొడుక్కున్న బొమ్మలు

తల మీద జుట్టు లేదు. కళ్ళుండాల్సిన చోట రెండు పల్లాలు, అంతే. మెడ దగ్గర, భుజం కింద, మోకాలి పైన, మణికట్టు దగ్గర సన్నటి అతుకు గీతలు. నడినెత్తిన బిగించిన కొక్కేనికి వేలాడుతూ, పాదాలు నేలకు ఆనీ ఆననట్టు నిలబడి ఉంటుంది. గది చల్లగా ఉంటుంది, దాని ఒళ్ళు మాత్రం 34 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంటుంది. శిల్పంగా చూడబోతే మెచ్చుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు. త్రిభంగం లేదు, ముఖాన భావం లేదు, బట్టల షాపు అద్దం వెనక నిలబడే బొమ్మకుండే పాటి హొయలైనా లేదు. అయినా ఇరవయ్యో శతాబ్దం చేసిన శిల్పాల్లో థర్మల్ మేనికిన్‌ను మించి నన్ను ఆలోచనలో పడేసింది మరొకటి లేదు. మిగతా శిల్పాలను మనం చూడాలని చేశారు. దీన్ని మాత్రం తన చుట్టూ ఉన్న గాలి తనకు తెలియాలని చేశారు.

ఇది చేసే పని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఒంటి మీద ఏమీ లేనప్పుడు 34 డిగ్రీల్లో నిలబడడానికి ఎంత కరెంటు తాగిందో చూస్తారు, చొక్కా తొడిగాక ఎంత తాగిందో చూస్తారు, ఆ తగ్గుదలను బట్టి చొక్కా విలువ కడతారు. వెచ్చగా ఉందా అని ఎవరినీ అడగరు. మారకుండా ఉండడానికి ఎంత ఖర్చయిందన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న వేసిన తీరులోనే అందముంది. చలిని నేరుగా కొలవబోతే అది చర్మానికీ, మనసుకూ, నిన్న రాత్రి నిద్రకూ ముడిపడి చిక్కుపడిపోతుంది. అదే ప్రశ్నను వాట్లలోకి తిప్పితే చిక్కు విడిపోతుంది. గది గాలి బొమ్మ ఒంటికన్నా కనీసం 12 డిగ్రీలు చల్లగా ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15831 చెబుతుంది. ఆ పాటి తేడా లేకపోతే బొమ్మ నోరు విప్పదు.

డెన్మార్క్‌లో తయారైన బొమ్మల్లో ఒక ఏర్పాటు ఉంది, దాని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. గట్టి డొల్ల చుట్టూ సన్నటి నికెల్ తీగను ఒళ్ళంతా దగ్గరదగ్గరగా చుడతారు. చుట్టుకూ చుట్టుకూ నడుమ రెండు మిల్లీమీటర్లకు మించి ఎడం ఉండదు. తీగలో కరెంటు పారితే ఒళ్ళు వేడెక్కుతుంది. నికెల్ వేడెక్కేకొద్దీ కరెంటును మరింత అడ్డుకుంటుంది కాబట్టి, ఆ అడ్డు ఎంతో చూస్తే ఒంటి వేడి ఎంతో తెలిసిపోతుంది. అంటే వేడినిచ్చేదీ, వేడిని గుర్తించేదీ ఒకే తీగ. ఒక క్షణం ఇస్తుంది, మరుక్షణం తెలుసుకుంటుంది. నటుడూ ప్రేక్షకుడూ ఒకే దేహంలో వంతులవారీగా ఉండే నాటకం ఇది.

రసం ఎక్కడుంటుందని మన ఆలంకారికులు తరాల తరబడి తగువులాడుకున్నారు. భట్టలోల్లటుడు మూలపాత్రలో ఉందన్నాడు. శంకుకుడు నటుణ్ణి చూసి మనం ఊహించుకుంటామన్నాడు. అభినవగుప్తుడు దాన్ని తెచ్చి సహృదయుడి గుండెలో పెట్టాడు. వెచ్చదనం ఎక్కడుంటుందన్నదీ అదే జాతి తగువు. దర్జీని అడిగితే గుడ్డలో ఉందంటాడు. డాక్టరును అడిగితే ఒంట్లో ఉందంటాడు. ఈ బొమ్మలను వేర్వేరు ఆకారాల్లో చేసి, ఒకే చొక్కాను ఒకదాని తర్వాత ఒకదానికి తొడిగి చూసినవాళ్ళకు దొరికిన జవాబు ఈ రెండూ కాదు. దాన్ని చెప్పాలంటే ముందు కొలబద్ద సంగతి చెప్పాలి.

కొలబద్ద పేరు క్లో. 1941లో గాగె, బర్టన్, బాజెట్ అనే ముగ్గురు శరీరధర్మ శాస్త్రజ్ఞులు సైన్స్ పత్రికలో దాన్ని ప్రతిపాదించారు. 21 డిగ్రీల గదిలో, తేమ సగానికి మించకుండా, గాలి సెకనుకు 10 సెంటీమీటర్లకు మించి కదలకుండా ఉన్నప్పుడు, ఊరికే కూర్చున్న మనిషి హాయిగా ఉండడానికి ఎంత ఉడుపు కావాలో అంత ఒక క్లో. ఆనాటి అమెరికన్ ఆఫీసు సూటు ఇంచుమించు అంతే. మీటరులో మనిషి లేడు, కిలోలోనూ లేడు. ఈ కొలతలో మాత్రం ఒకాయన సూటు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఇప్పటికీ లేవలేదు. లెక్కల పుస్తకంలో దాన్ని 0.155 అనే పొడి అంకెగా రాసుకున్నా, చదరపు మీటర్లనూ డిగ్రీలనూ వాట్లనూ దానికి తగిలించినా, లోపలున్నది ఆయనే. నాకు ఈ కొలత నచ్చడానికీ, దాని మీద అనుమానం రావడానికీ కారణం ఒకటే.

ఆ రోజుల్లోనే రెండో ప్రపంచ యుద్ధం ఈ బొమ్మలను పుట్టించింది. చలి ముందు సైనికుల కోట్లు ఏ మేరకు నిలుస్తాయో తేల్చడానికి హార్వర్డ్ ఫెటీగ్ లేబరేటరీలో బెల్డింగ్ అనే ఆయన పొయ్యి గొట్టాలూ రేకులూ అతికించి, లోపల హీటరూ ఫ్యానూ పెట్టి ఒక మొండెం తయారుచేశాడు. తల లేదు, చేతులు లేవు. తర్వాత జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అమెరికా సైన్యానికి నిండు రాగి మనిషిని చేసి ఇచ్చింది. అక్కడి నుంచి వంశం పెరిగింది. జర్మనీలో చార్లీ కాళ్ళూ చేతులూ ఆడించాడు. స్వీడన్‌లోని లుండ్‌లో తోరె నిలబడ్డాడు. డెన్మార్క్‌లో నిల్లె అనే ఆడబొమ్మ వచ్చింది. హాంకాంగ్‌లో వాల్టర్ ఒళ్ళు నీళ్ళు నింపిన గుడ్డసంచీ. ఆవిరి బయటికి పోనిచ్చే గుడ్డే అతని చర్మం, దాని గుండానే చెమట పోస్తాడు. ఫిన్లాండ్ వాళ్ళు తమ చెమట బొమ్మకు కొపేలియస్ అని పేరు పెట్టారు. ఫ్రెంచి బాలేలో కొపేలియస్ బొమ్మ కాదు, బొమ్మను చేసి దానికి ప్రాణం పోయాలని తపించిన ముసలాయన. చేసినవాడి పేరు చేసిన బొమ్మకు పెట్టడం కావాలని చేసిన కొంటెతనమేనని నా నమ్మకం.

ఇక గాలి. క్లో అంకెను నిశ్చలమైన గాలి లెక్కలోకి మార్చి చూడండి. రేడియేషన్‌ను పక్కన పెడితే, ఒక క్లో అంటే కదలని గాలి సుమారు నాలుగు మిల్లీమీటర్లు. సూటు, కోటు, లోపలి అస్తరు, చొక్కా, బనియను, ఇంత వైభవమూ చేసేది వేలి గోరు వెడల్పు కూడా లేని గాలిని పారిపోకుండా పట్టి ఉంచడమే. నూలైనా ఉన్ని అయినా కావలివాడు మాత్రమే. అసలు సొత్తు వాడు కాపలా కాసే ఖాళీ. ఇంకా విడ్డూరం ఏమిటంటే, గాలి కదలని గదిలో నూలుపోగు లేని బొమ్మకు కూడా చర్మాన్ని అంటిపెట్టుకున్న గాలిపొర వల్ల దాదాపు 0.7 క్లో దక్కుతుంది. పొట్టి చేతుల చొక్కా, ప్యాంటు కలిపి అమెరికన్ ప్రమాణ పట్టిక ఇచ్చే విలువ 0.57. మనం డబ్బిచ్చి కొన్న ఉడుపుకన్నా పుట్టుకతో వచ్చినదే ఎక్కువన్నమాట. కాకపోతే ఒక్క ఫ్యాన్ తిప్పితే అందులో చాలా భాగం ఎగిరిపోతుంది.

ఖాళీయే అసలు సొత్తు అయినప్పుడు ఆ ఖాళీని గీసేది ఎవరు? కత్తెర సగమే గీస్తుంది. మిగతా సగం ఒళ్ళు గీస్తుంది. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్‌లో ఎంపా పరిశోధనా సంస్థ వాళ్ళు ఈ ఖాళీకి పటం గీశారు. బొమ్మను బట్టలు లేకుండా ఒకసారి, బట్టలతో ఒకసారి త్రీడీ స్కానర్‌తో స్కాన్ చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, గుడ్డకూ ఒంటికీ నడుమ ఎక్కడెంత ఎడముందో మిల్లీమీటర్లలో రంగులు వేశారు. ఆ పటాల్లో భుజాల మీదా రొమ్ము పైభాగాన గుడ్డ ఒంటికి అతుక్కుని ఉంటుంది. వెన్ను కిందికి వచ్చి లోపలికి వంగే చోట, నడుము దగ్గర, గుడ్డ ఒంటిని వదిలేసి గుడారంలా నిలబడుతుంది. భుజం గుడ్డను మోస్తుంది, వెన్ను వంపు దానికి సెలవిస్తుంది. చిత్రకారులు శతాబ్దాలుగా గుడ్డ మడతలను గీస్తూ వచ్చారు. మడతల వెనక దాగిన గాలి రూపాన్ని ఇంత నమ్మకంగా గీసినవాళ్ళు వీళ్ళే.

ఇప్పుడు అదే చొక్కాను లావుపాటి బొమ్మకు తొడగండి. పొట్ట గుడ్డను ముందుకు నెడుతుంది, పొట్ట మీద గాలి పోతుంది. కానీ పొట్ట అంచు దాటాక గుడ్డ నేరుగా కిందికి జారుతుంది, అక్కడ కొత్త గాలి చేరుతుంది. ఆడబొమ్మకు తొడిగితే రొమ్ముల కింద, వాటి నడుమ గాలి చేరుతుంది, పిరుదుల దగ్గర పోతుంది. సన్నటి బొమ్మకు తొడిగితే చొక్కా అంతటా వదులు. వదులంటే ఎక్కువ గాలి, ఎక్కువ గాలంటే ఎక్కువ వెచ్చదనం అనుకుంటాం. అది ఒక మేరకే. ఎడం ఇంచుమించు ఒక సెంటీమీటరు దాటిందంటే గాలి నిలకడ కోల్పోతుంది. ఒంటి పక్క వేడెక్కి పైకి లేస్తుంది, గుడ్డ పక్క చల్లారి కిందికి దిగుతుంది, తనలో తనే తిరగడం మొదలుపెట్టి వేడిని మోసుకుపోతుంది. కాపలాలో ఉండాల్సినదే దొంగ అవుతుంది. బిగుతు మరీ ఎక్కువైతే గాలి ఉండదు, వదులు మరీ ఎక్కువైతే గాలి ఆగదు. ఆ రెండింటి నడుమ సన్నటి మేరలో వెచ్చదనం పండుతుంది. ఒక్కో ఆకారంలో ఆ మేర ఒక్కో చోట పడుతుంది. ఒకరికి వీపు మీద, ఇంకొకరికి పొట్ట కింద.

కాబట్టి చొక్కాకు తనదంటూ ఒక అంకె లేదు. ఒంటికీ లేదు. ఈ చొక్కా ఈ ఒంటి మీద ఉన్నప్పుడు ఒక అంకె పుడుతుంది, విప్పగానే పోతుంది. ఒకే ఉడుపుకు వేర్వేరు ల్యాబుల బొమ్మలు వేర్వేరు అంకెలు చెబితే ఇంజనీర్లు దాన్ని దోషంగా చూసి, తేడాను తగ్గించే దారులు వెతుకుతారు. వాళ్ళ వృత్తి అది, తప్పు పట్టలేం. నాకు మాత్రం ఆ తేడాలోనే ఈ కళ నిండుగా కనిపిస్తుంది. ఒకే పద్యాన్ని ఇద్దరు నటులు పాడినప్పుడు వచ్చే తేడాను సరిచేయాల్సిన తప్పని ఎవరూ అనరు.

లెక్క కట్టే పద్ధతిలోనూ ఒక సొగసైన పేచీ ఉంది. బొమ్మ ఒళ్ళు పదిహేనో ఇరవయ్యో ముక్కలు. ఒక్కో ముక్క తన వాట్లు తాను చెబుతుంది. వీటిని కలిపి ఒక్క అంకె చేయాలి. మొత్తం వాట్లను ఒకటిగా కూడి తీస్తే ఒక విలువ వస్తుంది. ఒక్కో ముక్క విలువ విడిగా తీసి, విస్తీర్ణాన్ని బట్టి సగటు కడితే మరొక విలువ వస్తుంది, అది పెద్దది. గోడలు బారెడు మందం, కిటికీ మాత్రం తీసి ఉన్న ఇల్లు అనుకోండి. గోడల మందాన్ని సగటులో కలిపితే ఇల్లు వెచ్చనిదే. వేడి మాత్రం సగటును నమ్మదు, కిటికీని నమ్ముతుంది. ఒంటి నిండా రజాయి కోటు వేసి చేతులూ ముఖమూ వదిలేసిన బొమ్మకు ఈ రెండు అంకెలు బాగా ఎడమవుతాయి. ఐరోపా ల్యాబులు ఈ రెండు పద్ధతుల మీద ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నాయి. నేను మొదటి పద్ధతి పక్షం.

పసిబిడ్డల బొమ్మలు నన్ను ఇంకోలా కదిలిస్తాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు ఇంక్యుబేటరులో వేడి ఎలా కోల్పోతారో చూడడానికి ఫ్రాన్స్‌లోని అమియాఁ విశ్వవిద్యాలయంలో చిన్న బొమ్మలను చేశారు. ఆ పరిమాణంలో ఆకారం మీద చర్చ అలంకారం కాదు, ప్రాణం. పుట్టిన బిడ్డ ఒంటి ఉపరితలంలో తల వాటా దాదాపు ఐదోవంతు, పెద్దవాళ్ళలో అందులో సగం కూడా ఉండదు. అందుకే బిడ్డకు టోపీ పెట్టామంటే అది ఒక్క వస్త్రం కాదు, ఉడుపులో పెద్ద భాగం. పైగా సన్నటి, గుండ్రటి అంగాలకు గుడ్డ కప్పడంలో ఒక చిక్కుంది. సన్నటి స్తంభానికి పొర మీద పొర చుడుతూ పోతే గాలికి ఎదురయ్యే ఉపరితలం కూడా పెరుగుతూ పోతుంది. ఒక హద్దు దాటాక కొత్త పొర వల్ల ఒరిగేది చాలా తక్కువ. చేతివేళ్ళను చలి నుంచి కాపాడడం ఎందుకు కష్టమో, నాలుగు వేళ్ళను కలిపి ఒకే సంచిలో పెట్టే తొడుగు ఎందుకు గెలుస్తుందో దీంతో తెలుస్తుంది. పసివాడి చేయి మొత్తంగా పెద్దవాడి వేలి వైపు ఒరిగిన ఆకారం.

ఇంత చెప్పి చీర దగ్గరికి రాకుండా ఉండలేను. కుట్టిన చొక్కాలో ముందే ఒక ఒళ్ళు ఉంది. 40 సైజు అన్నామంటే కత్తెర ఒకణ్ణి ఊహించుకుందని అర్థం. చీరలో ఎవరూ లేరు. అది చదునైన పొడవు గుడ్డ. ఆకారమంతా కట్టుకునే మనిషి ఇవ్వాలి, గాలిని చేతులతో అమర్చాలి. లోపల లంగా, దాని మీద ఒక చుట్టు, ముందు కుచ్చిళ్ళ దగ్గర పొరల మీద పొరలు, వెనక అంత లేదు, నడుము దగ్గర ఒక వారగా ఏమీ లేదు, భుజం దాటాక ఒకే పొర. ఇంత హెచ్చుతగ్గులున్న ఉడుపును బొమ్మకు కడితే ఒక్కో ముక్కా ఒక్కో మాట చెబుతుంది. పైగా కట్టిన చీర కట్టినట్టు ఉండదు. పొద్దున్నే చలిలో కొంగు రెండు భుజాల చుట్టూ తిరిగి వస్తుంది, పనిలో పడ్డాక అదే కొంగు నడుములో దోపుకుంటుంది. గుడ్డ మారలేదు, ఒళ్ళు మారలేదు, అంకె మారింది.

ఈ సంగతిని బొమ్మ మీద కొలిచి చూపించిన పరిశోధకుల్లో ముందుపేరు మాధవి ఇంద్రగంటిది. ఆమె అంతకుముందు 2008లో హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో జనాన్ని వేసవిలో పలకరించి, వాళ్ళకు హాయిగా ఉన్న ఉష్ణోగ్రత 29.2 డిగ్రీలని తేల్చారు. మన భవన నియమావళి అప్పట్లో 23కూ 26కూ నడుమే హాయి ఉందని పట్టుపట్టేది. అంత తేడా ఎలా వచ్చిందని అడిగితే జవాబులో కొంత భాగం ఫ్యాను, కొంత అలవాటు, కొంత ఉడుపు. 2015లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జూయన్ లీ, హుయ్ జాంగ్, ఎడ్వర్డ్ ఆరెన్స్‌లతో కలిసి ఆమె భారతీయ చీర కట్టుబాట్లను థర్మల్ మేనికిన్ మీద కొలిచారు. తర్వాతి పత్రంలో షల్వార్-కుర్తీ, లుంగీ, ధోతీల పక్కన పంచె అనే మన మాట అలాగే ఇంగ్లిషు శీర్షికలోకి ఎక్కింది. చీర అన్ని కాలాలకూ ఎందుకు పనికొస్తుందన్నది ఆ పత్రం వేసుకున్న ప్రశ్న. కట్టు మార్చితే వచ్చే తేడాయే అందుకు జవాబు. కుట్టిన బట్టకు ఒక అంకె ఉంటే చీరకు ఒక మేళకర్త ఉంది.

దాదాపు అదే సమయంలో లఫ్‌బరో, లుండ్, హాంకాంగ్ ల్యాబులు కలిసి పాశ్చాత్యేతర దుస్తులను కొలిచాయి. అక్కడ బయటపడిన ఒక చిన్న విషయం నాకు ఎంతో ఇష్టం. బట్ట తొడిగితే ఒంటి ఉపరితలం ఎంత పెరుగుతుందో లెక్కలో కలపాలి. అందుకు బొమ్మను బట్టలతోనూ లేకుండానూ నలువైపులా ఫొటోలు తీసి నీడ విస్తీర్ణాలు పోలుస్తారు. ఫొటోలు తీసే ఓపిక లేనివాళ్ళకు ఒక దగ్గరిదారి సూత్రం ఉంది: క్లోకు ఇంచుమించు 30 శాతం చొప్పున ఉపరితలం పెరుగుతుందని. కోట్లూ ప్యాంట్లూ చూసి కట్టిన సూత్రం అది. వేలాడే, చుట్టుకునే, ఎగిరే బట్టల దగ్గర అది తడబడింది. అంచులు గాలికి వదిలేసిన పలుచటి గుడ్డకు వెచ్చదనం తక్కువ, నీడ పెద్దది. ఆ నీడ సూత్రానికి అందలేదు.

బొమ్మ నడిస్తే కథ మళ్ళీ మారుతుంది. నడిచే బొమ్మలను నిమిషానికి 45 జత అడుగుల చొప్పున నడిపించమని ప్రమాణం చెబుతుంది. అడుగు పడ్డప్పుడల్లా గుడ్డ లోపలి గాలి మెడ దగ్గరా చేతుల దగ్గరా బయటికి ఊదుకుంటుంది, బయటి గాలి లోపలికి వస్తుంది. నిలబడి సంపాదించిన అంకెలో పెద్ద భాగం నడకలో ఖర్చయిపోతుంది. ఎగ్గట్టిన పంచెలో నడిచే రైతును ఇలా చూడండి. కింద తెరిచిన ద్వారం, పైన వేడి, మధ్యలో పొగగొట్టంలా లేచే గాలి, ప్రతి అడుగుకూ కొత్త గాలి. మే నెలలో గోదావరి గట్టు మీద అంతకన్నా తెలివైన ఉడుపు నాకు తట్టదు.

మెచ్చుకోలు ఇక్కడిదాకా. లోటు కూడా చెప్పాలి. ఈ శిల్పాలకు మాంసం లేదు. కుర్చీలో కూర్చోబెడితే మన తొడ వెడల్పవుతుంది, గుడ్డను లాగుతుంది, కింద గాలి పిండేస్తుంది. డొల్ల తొడ అలాగే ఉంటుంది. పొట్ట మడత మీద మడత పడి చెమట నిలిచే చోటు దానికి తెలియదు. పైగా పట్టికలు నింపిన బొమ్మల్లో ఎక్కువ భాగం ఒకే రకం: యవ్వనంలో ఉన్న, కొవ్వు లేని, నిటారైన ఐరోపా ఒళ్ళు. స్లీపింగ్ బ్యాగుల పాత ఐరోపా ప్రమాణం ఈఎన్ 13537ను చూడండి. సంచి మీద ముద్రించిన ఒక ఉష్ణోగ్రత 25 ఏళ్ళ, 1.60 మీటర్ల, 60 కిలోల ఆడమనిషి కోసం. ఇంకొకటి 25 ఏళ్ళ, 1.73 మీటర్ల మగమనిషి కోసం. సంచిలో పడుకున్నది మాత్రం ఒకే బొమ్మ. ఇద్దరి తేడా లెక్కలో పుట్టింది, ఆకారంలో కాదు. రసవిమర్శ చేసేవాడికి ఇది ఒకే నటుడు గొంతు మార్చి రెండు పాత్రలు చెప్పినట్టు వినిపిస్తుంది.

ఈ గుత్తాధిపత్యం కొంచెం కొంచెం సడలుతోంది. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆండి అనే కొత్త బొమ్మ ఉంది. 35 భాగాలు, చెమట రంధ్రాలు, ఒళ్ళు చల్లబరిచే లోపలి నీటికాలువలు. అందువల్ల అది చల్లటి గది దాటి ఫీనిక్స్ ఎండలో నిలబడగలదు, ఒంటికన్నా గాలి వేడిగా ఉన్నప్పుడు కూడా కొలవగలదు. దాన్ని కంప్యూటరు నమూనాతో జోడించి లావు, సన్నం ఒళ్ళను కూడా లెక్కలోకి తేవచ్చు. డొల్లను మార్చకుండానే ఆకారాలను మార్చే విద్య ఇది. ఉపయోగం కాదనను. కానీ లెక్కలో లావైన ఒంటికీ, నిజంగా లావైన ఒంటి మీద చొక్కా గుండీ బిగుసుకోవడానికీ నడుమ ఎడం ఉంది, ఆ ఎడంలోనే గాలి ఉంది. నన్నడిగితే ముందు నిజమైన ఆకారాలే పోసుకోవాలి. వంగిన వెన్ను బొమ్మ ఒకటి, ఎనిమిదో నెల గర్భిణి బొమ్మ ఒకటి, బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చోగల బొమ్మ ఒకటి. మూడో దానికి ముందు గళ్ళ లుంగీ కడతాను. మోకాళ్ళ మీద బిగిసిన గుడ్డ కింద, మడమలకూ నేలకూ నడుమ, ఎంత గాలి నిలుస్తుందో వాట్లు ఏం చెబుతాయో చూడాలని ఉంది.